రంగుతో పూడిపోయిన జిగ్ బెజ్జం: ఏ పనిముట్టు పనికొస్తుంది, ఏది గాలాన్నే పాడుచేస్తుంది

క్లుప్తంగా: రంగు వేసిన జిగ్ హెడ్ (మెడ దగ్గర సీసం తల పోసిన చిన్న గాలం) బెజ్జం, అంటే లైను కట్టే రంధ్రం, పూడుకుపోవడం తయారీ పద్ధతి వల్ల వచ్చే ఇబ్బంది, రంగు నాసిరకం కావడం వల్ల కాదు. దాన్ని తెరవడానికి సూది నుంచి ప్రత్యేకమైన పంచ్ ప్లయర్ దాకా చాలా ఉన్నాయి. అయితే ఏది పనికొస్తుందో తేల్చేది పనిముట్టు ధర కాదు, ఆ రంగు ఏ రకం, ఎంత గట్టిపడింది అన్నదే. రంధ్రం తెరుచుకున్నాక కూడా లైను తెగుతోందంటే తప్పు రంధ్రంలో లేదు, దాని అంచులో ఉంది.

చిన్న బెజ్జాలతో వచ్చిన చిక్కు

ఒడిశాలోని గంజాం తీరానికి గాలం కొత్తేమీ కాదు. గోపాల్‌పూర్, ఆర్జిపల్లి చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మాట్లాడే మత్స్యకారులు కోనాం కోసం, సూర కోసం చేతి గాలాలు వేస్తూ వచ్చినవాళ్లే. ఆ గాలాలు పెద్దవి, కమ్మి లావు, బెజ్జం కూడా లావుపాటి నైలాన్ సులువుగా దూరేంత ఉంటుంది. వాటికి రంగు వేసే పనే లేదు, కాబట్టి బెజ్జం పూడుకోవడమన్న మాటా లేదు.

చిక్కు వచ్చింది వేరే సరుకుతో. బరంపురం, ఇచ్ఛాపురం వైపు నుంచి రాడ్డూ రీలూ పట్టుకుని రుషికుల్య నది మొగకో, బాహుదా సముద్రంలో కలిసే సునాపూర్ వైపుకో వెళ్లి పార, పండుగప్ప లాంటి చేపల కోసం విసిరేవాళ్లు చిన్న సీసం జిగ్ హెడ్లు వాడతారు. గాలం మెడ దగ్గర సీసం పోసి, దాని మీద ఎరుపో పచ్చో తెలుపో రంగు వేసి, వెనక మెత్తటి ప్లాస్టిక్ చేపనో ఈకలనో తగిలించే రకం ఇది. ఐదు గ్రాములు, పది గ్రాముల బరువుల్లో దొరుకుతాయి. వీటి బెజ్జం చిన్నది, కొన్నిటికైతే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. ప్యాకెట్ విప్పి లైను కడదామంటే బెజ్జం కనబడదు, రంగు ముద్ద కనబడుతుంది.

ఇంట్లో సొంతంగా సీసం పోసుకుని రంగులు వేసుకునేవాళ్లకీ ఇదే తిప్పలు. తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. రుషికుల్య మొగ దగ్గర తాబేళ్ల రక్షణ కోసం నవంబర్ 1 నుంచి మే 31 వరకు 20 కిలోమీటర్ల పరిధిలో ఆంక్షలు ఉంటాయి. వేట లేని రోజుల్లో సామాన్లు బాగుచేసుకోవడం తీరంలో మామూలే, సరదాకి గాలం వేసేవాళ్లు కూడా చాలావరకు అప్పుడే రంగుల డబ్బాలు తీస్తారు. మే, జూన్ నెలల్లో ఆ తీరంలో గాలి ఎంత ఉక్కగా, ఎంత తేమగా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ తేమకీ బెజ్జం పూడిపోవడానికీ సంబంధం ఉంది.

రంగు బెజ్జంలోకి ఎలా చేరుతుంది

జిగ్ హెడ్లకు ఎక్కువగా వాడేది పొడి రంగు, అంటే పౌడర్ పెయింట్. సీసం తలని వేడిచేసి రంగు పొడిలో ఒకటి రెండు సెకన్లు ముంచి తీస్తారు. వేడికి పొడి కరిగి తలకి అంటుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో దాదాపు 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర పదిహేను ఇరవై నిమిషాలు ఉంచితే గట్టిపడుతుంది. సీసం కరిగేది 327 డిగ్రీల దగ్గర కాబట్టి తలకి ఏమీ కాదు.

కరిగిన పొడి చిక్కటి ద్రవంలా పారుతుంది. లావుపాటి తల మీద అది చదునుగా పరుచుకుంటుంది. బెజ్జం మాత్రం సన్నటి కమ్మిని గుండ్రంగా వంచిన చిన్న రింగు. అక్కడ ద్రవం తలతన్యత వల్ల, సబ్బునీళ్లలో ముంచి తీసిన రింగుకి పట్టినట్టు, అడ్డంగా పొరలా నిలబడిపోతుంది. రింగు ఎంత చిన్నదైతే ఆ పొర తెగకుండా ఉండే అవకాశం అంత ఎక్కువ. అందుకే పెద్ద సముద్రపు జిగ్గులకు ఈ బాధ తక్కువ, రెండు మూడు గ్రాముల బుల్లి జిగ్గులకు దాదాపు ప్రతిదానికీ ఉంటుంది.

తేమ ప్రభావం పడేది ఇక్కడే. డబ్బా మూత సరిగ్గా బిగించకపోతే పొడి తేమ పీల్చి చిన్న చిన్న ఉండలు కడుతుంది. ఉండలు కట్టిన పొడి పలచగా అంటదు, ముద్దలుగా అంటుతుంది. మందం పెరిగేకొద్దీ బెజ్జంలో చేరే రంగూ పెరుగుతుంది. ద్రవ రంగులది ఇంకో రకం ఇబ్బంది. ఉక్క రోజుల్లో అవి నిదానంగా ఆరతాయి. తల మీది రంగు ఆరినట్టే కనిపిస్తుంది గానీ బెజ్జంలో ముద్దగా చేరింది పైన మాత్రమే తొక్క కట్టి లోపల పచ్చిగానే ఉంటుంది. దాన్ని ఆ సమయంలో సూదితో పొడిస్తే తీగలా సాగి మళ్లీ మూసుకుపోతుంది. రంగు నాసిరకమని అప్పుడే తిట్టుకుంటారు.

ఫ్యాక్టరీ సరుకులో మరి ఎందుకు వదిలేస్తారు? వందల జిగ్గులకు ఒకేసారి రంగు వేయొచ్చు, బెజ్జాలు మాత్రం ఒక్కొక్కటే తెరవాలి. చౌక ప్యాకెట్లలో ఆ పని కొన్నవాడి నెత్తిన పడుతుంది. ధర తక్కువ ఉండటానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటని లెక్కేసుకుంటే కోపం కొంచెం తగ్గొచ్చు.

ముందు రంగు ఏదో తేల్చుకోవాలి

పనిముట్టు గురించి వాదించుకునేవాళ్లు ఎక్కువగా వదిలేసే సంగతి ఇదే. ఒకరు అసిటోన్ అద్భుతమంటారు, ఇంకొకరు దానితో ఏమీ కాలేదంటారు. ఇద్దరిదీ నిజమే, ఇద్దరి చేతిలో ఉన్న రంగులే వేరు.

నెయిల్ పాలిష్‌లో పొర కట్టేది నైట్రోసెల్యులోజ్. దాన్ని ఈథైల్ అసిటేట్ లాంటి ద్రావకాల్లో కరిగించి అమ్ముతారు. ద్రావకం ఎగిరిపోతే రంగు మిగులుతుంది, మళ్లీ ద్రావకం తగిలితే మళ్లీ కరుగుతుంది. అందుకే నెయిల్ పాలిష్ వేసిన జిగ్గుకి రిమూవర్ చాలు. పొడి రంగు కథ వేరు. ఓవెన్‌లో వేడికి దాని అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుని శాశ్వతంగా గట్టిపడతాయి. ఆ తర్వాత అది అసిటోన్‌లో కరగదు, వేడిచేసినా మళ్లీ పారదు, ఇంకా వేడిచేస్తే మాడిపోతుంది. రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ పూత కూడా అంతే. ఎనామిల్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. కొత్తగా వేసినప్పుడు టర్పెంటైన్‌కి లొంగుతుంది, వారాలు గడిచాక అసిటోన్‌కి మెత్తబడి ముడతలు పడుతుందే తప్ప పూర్తిగా కరగదు.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పత్తిని అసిటోన్‌లో తడిపి తల కింది భాగంలో, కనబడని చోట, కాసేపు రుద్దాలి. పత్తికి రంగు అంటితే నెయిల్ పాలిష్ లేదా లాకర్ జాతి. ఉబ్బి ముడతలు పడితే ఎనామిల్. ఏమీ కాకపోతే పొడి రంగో ఎపాక్సీయో. ఆ తర్వాత సూది మొనతో ఒకసారి నొక్కి చూడాలి. పెళుసుగా చిట్లితే పొడిచే పనిముట్లు పనిచేస్తాయి, రబ్బరులా లోపలికి దిగి మళ్లీ పైకి లేస్తే పొడవడం దండగ, కోసి తీయాలి.

ఒక జాగ్రత్త: జిగ్గుకి మెత్తటి ప్లాస్టిక్ చేప తగిలించి ఉంటే అసిటోన్ పెట్టకముందే దాన్ని తీసేయాలి. ప్లాస్టిక్ పాడవుతుంది. దగ్గర్లో మంట కూడా ఉండకూడదు, అసిటోన్ ఆవిరి చాలా తేలిగ్గా అంటుకుంటుంది.

పనిముట్లు ఒక్కొక్కటిగా

ఇంట్లో దొరికేవాటిలో ముందు చేతికొచ్చేది సూది. బట్టలు కుట్టే సూది పలచటి పొరకి చాలు, మందం ఉంటే వంగుతుంది లేదా విరుగుతుంది. గోనెసంచులు కుట్టే దబ్బనం దానికంటే నయం. లావుగా ఉంటుంది, చాలా దబ్బనాలకు మొన దగ్గర చదునుగా చిన్న అంచులు కూడా ఉంటాయి కాబట్టి పొడవడంతోపాటు కొంచెం కోస్తుంది కూడా. అయితే సూదికైనా దబ్బనానికైనా ఒకే లోపం. మొన సన్నం, పైకి పోయేకొద్దీ లావు. లోపలికి నెట్టేకొద్దీ అది మేకులా బెజ్జాన్ని పక్కలకి తోస్తుంది. గాలం బెజ్జం అచ్చంగా మూసిన రింగు కాదు, కమ్మి కొసని వంచి మెడకి ఆనించి వదిలేస్తారు. ఆ ఆనించిన చోట సన్నటి సందు ఉంటుంది. దబ్బనాన్ని బలంగా నెడితే చిన్న గాలాల్లో ఆ సందు తెరుచుకుంటుంది. సన్నటి బ్రెయిడ్ లైను (పోగులు అల్లిన దారం) ఆ సందులో ఇరుక్కున్నా, చేప లాగినప్పుడు అందులోంచి జారిపోయినా ఆశ్చర్యం లేదు. ముడి విడిపోకుండానే జిగ్గు మాత్రం మాయమైందని చెప్పేవాళ్ల కథల్లో కొన్నిటికి మూలం ఇదే కావచ్చు.

అందుకని దబ్బనం వాడితే ఒకవైపు నుంచి చివరిదాకా నెట్టకుండా, ఇటు సగం అటు సగం పొడిచి, మధ్యలో కలిసేలా చేయడం మేలు. అవతలి వైపు రంగు పెచ్చుగా లేచిపోవడం కూడా దీనితో తగ్గుతుంది.

పంపు స్టవ్వు పిన్ను గుర్తున్నవాళ్లకి దాని సంగతి చెప్పనక్కర్లేదు. రేకు ముక్క చివర బిగించిన సన్నటి తీగ, కిరసనాయిలు స్టవ్వు నిప్పిల్‌లో మసి తీయడానికి వాడేది. పాత హార్డ్‌వేర్ దుకాణాల్లో ఇప్పటికీ అక్కడక్కడా దొరుకుతుంది. రంగు పచ్చిగా ఉన్నప్పుడు దీన్ని మించింది లేదు, రంధ్రం గుండా అటూ ఇటూ రెండుసార్లు లాగితే చాలు. గట్టిపడ్డ రంగు మీద మాత్రం ఇది నిలబడదు, వంగిపోతుంది. సైకిల్ చువ్వని నూరి మొన చేసుకునేవాళ్లు ఉంటారు. చువ్వ సాధారణంగా రెండు మిల్లీమీటర్ల లావు, కాబట్టి పెద్ద జిగ్గులకే పనికొస్తుంది. చిన్నవాటికి దాన్ని ఆకురాయితో చాలాసేపు అరగదీయాలి.

ఇంకో జిగ్గు మొనతో పొడవడం అన్నిటికంటే ఎక్కువమంది చేసే పని, అన్నిటికంటే చెత్త పని కూడా. ఒడ్డున నిలబడి ఉన్నప్పుడు చేతిలో వేరే ఏమీ ఉండదు నిజమే. కానీ గాలం మొన పదును చాలా సున్నితం, గట్టి రంగుకీ లోపలి ఉక్కు కమ్మికీ తగిలితే మొన మొండిబారుతుంది లేదా వంకర తిరుగుతుంది. ఆ తర్వాత చేప కొరికినా గుచ్చుకోదు. జారితే గుచ్చుకునేది చేతికే, ముల్లు ఉన్న గాలం వేలిలో దిగితే తీయడం చిన్న పని కాదు.

కొన్న పనిముట్లు రెండు రకాలు. ఒకటి లైను కత్తిరించే నిప్పర్, గోళ్ల కట్టర్‌లా ఉంటుంది, వెనక చిన్న సూది బిగించి ఉంటుంది. మెడలో వేలాడదీసుకోవచ్చు. పలచటి పొరలకి, ఒడ్డున అత్యవసరానికి ఇది సరిపోతుంది. ఆ సూది పొట్టిది, పట్టు తక్కువ, అందుకే వంద జిగ్గుల పెట్టె ముందేసుకుని కూర్చుంటే వేళ్లు నొప్పెడతాయి. రెండోది పట్టకారులా ఉండే పంచ్. ఒక దవడలో పిన్ను, ఎదురు దవడలో ఆ పిన్ను దూరే గుంట ఉంటాయి. బెజ్జాన్ని మధ్యలో పెట్టి నొక్కితే రంగు బిళ్లలా ఊడి కింద పడుతుంది. పెళుసు రంగులకి ఇది చాలా వేగం. దీని బలం అంతా ఎదురు దవడలోనే ఉంది. వెనక నుంచి ఆనిక ఉండటంతో బెజ్జం వంగదు, అవతలి అంచు పెద్దగా చిట్లదు. బలహీనత కొలతలో ఉంది. పిన్ను ఒకే లావు, బెజ్జం అంతకంటే చిన్నదైతే దూరదు, బలవంతం చేస్తే పిన్ను విరుగుతుంది, లేదంటే బెజ్జం విచ్చుకుంటుంది. మెత్తటి వినైల్ రంగుల మీద ఇది ఊడదీయదు, కేవలం గుచ్చి వదిలేస్తుంది, కాసేపటికి కంత మళ్లీ మూసుకుంటుంది.

గట్టిపడ్డ పొడి రంగుకి, ఎపాక్సీకి అన్నిటికంటే శుభ్రమైన పని చేతితో తిప్పే చిన్న డ్రిల్ బిట్‌ది. కంసాలి పనివాళ్ల దగ్గర, గడియారాలు బాగుచేసేవాళ్ల దగ్గర కనిపించే చిన్న చేతి పిడి, దాని మూతిలో సన్నటి బిట్ బిగిస్తారు. పిన్ వైజ్ అని అడిగితే ఆన్‌లైన్‌లో బిట్లతో కలిపి సెట్టుగా దొరుకుతుంది. సూది తోస్తుంది, పంచ్ గుద్దుతుంది, బిట్ మాత్రం కోసి పొట్టుని తన మెలికల గుండా బయటికి తెస్తుంది. పక్కలకి ఒత్తిడి లేదు కాబట్టి బెజ్జం విచ్చుకోదు. బెజ్జం లోపలి కొలత కంటే కొంచెం సన్నటి బిట్ ఎంచుకోవాలి. సరిగ్గా సరిపోయేది పెడితే అది రంగుతో ఆగదు, గాలం మీది తగరపు పూతనో నికెల్ పూతనో కూడా గీకేస్తుంది. కరెంటు డ్రిల్లుకి ఈ బిట్ తగిలించడం తప్పు. ఒక మిల్లీమీటరు బిట్ వేగంగా తిరుగుతూ కమ్మి కొస దగ్గరి సందులో చిక్కుకుందంటే చిటుక్కున విరుగుతుంది, ముక్క ఎటు ఎగురుతుందో తెలియదు. చేత్తో తిప్పినా కళ్లద్దాలు పెట్టుకోవడం మంచిదే.

ఇక లైటర్. వీడియోల్లో చూడటానికి బాగుంటుంది, బెజ్జం దగ్గర మంట పెడితే రంగు బుడగలు లేచి మాడి రాలిపోతుంది. లెక్క చూస్తే నష్టమే ఎక్కువ. ఉప్పునీళ్ల గాలాల్లో చాలావాటికి తగరం పూత ఉంటుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, లైటర్ మంట అంతకు ఎన్నో రెట్లు వేడి. పూత పోయిన కమ్మి మొగ దగ్గరి ఉప్పునీళ్లలో త్వరగా తుప్పు పడుతుంది. బెజ్జం ఎర్రబడేదాకా కాలిస్తే గాలానికి ఉక్కులో ఇచ్చిన గట్టిదనం ఆ మేరకు పోతుంది, తర్వాత లాగుడుకి వంగుతుంది. సీసం బదులు బిస్మత్, తగరం మిశ్రమంతో పోసిన తలలు కొన్ని ఉన్నాయి. అందులో బాగా తెలిసిన మిశ్రమం కరిగేది 138 డిగ్రీల దగ్గరే. అలాంటి తల మీద మంట పెడితే రంగు పోకముందే తలే కారిపోవచ్చు. మాడిన రంగు పొగ పీల్చడం వేరే సమస్య. మొత్తం మీద లైటర్ వల్ల దక్కేది నిమిషం ఆదా, పోయేది గాలం ఆయుష్షు.

రంధ్రం తెరుచుకుంది, లైను ఎందుకు తెగుతోంది

బెజ్జంలోంచి వెలుతురు కనబడితే పని అయిపోయిందనుకోవడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. లైను దూరింది, ముడి పడింది, విసిరితే బాగానే ఉంది, చేప పడ్డాక తెగింది. నెపం లైను మీదకో ముడి మీదకో పోతుంది.

రంగుని ఒకవైపు నుంచి పొడిచినప్పుడు అవతలి వైపు అంచు వెంబడి గట్టి పెచ్చులు మిగులుతాయి. గట్టిపడ్డ పొడి రంగు పెచ్చు గరుకుగా, కొన్నిచోట్ల పదునుగా ఉంటుంది. ఒంటి పోగు నైలాన్ మీద అలాంటిది చిన్న గీత పెట్టినా, లాగుడు పెరిగినప్పుడు ఒత్తిడంతా ఆ గీత దగ్గరే చేరి అక్కడే తెగుతుంది. బ్రెయిడ్‌లో పోగులు ఒక్కొక్కటే తెగుతాయి, బయటికి నూగులా కనిపిస్తుంది. ముడిని బట్టి కూడా తేడా ఉంది. బిగుతుగా కూర్చునే ముడి బెజ్జం మీద ఒకేచోట ఉంటుంది, కాబట్టి గరుకు ఉన్నా రాపిడి తక్కువ. జిగ్గు స్వేచ్ఛగా ఆడాలని వదులుగా కట్టే లూప్ ముడిలో లైను బెజ్జం లోపల ప్రతి కుదుపుకీ కదులుతుంది, అంచు గరుకు ఉంటే అక్కడ ఆకురాయి పెట్టినట్టే.

ఇంకో మెలిక ఉంది. పాలోమార్ ముడికి లైనుని మడతపెట్టి రెండు పోగులూ ఒకేసారి బెజ్జంలోకి దూర్చాలి. సగం తెరిచిన బెజ్జంలో ఒంటి పోగు దూరుతుంది, రెండు పోగులు దూరవు. దాంతో ఆ ముడి వదిలేసి ఒడ్డున హడావిడిగా సరిగ్గా రాని వేరే ముడి వేస్తారు. కోనాం లాంటి పళ్ల చేపల కోసం ముందు స్టీల్ వైరు కట్టేవాళ్లకి ఇంకా పెద్ద కంత కావాలి. అంటే బెజ్జం ఎంత తెరవాలన్నది ఏ ముడి వేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది, రంధ్రం కనబడితే చాలన్న లెక్క పనిచేయదు.

అంచు చూసుకోవడానికి భూతద్దం అవసరం లేదు. కాస్త పత్తిని పేని దారంలా చేసి బెజ్జం గుండా లాగాలి, గుండ్రంగా అన్ని వైపులా ఆనించి. పత్తి పోగులు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పెచ్చు ఉన్నట్టు. దాన్ని తీయడానికి ఉప్పు కాగితాన్ని సన్నగా కత్తిరించి పేని లోపల అటూ ఇటూ ఆడించవచ్చు, నున్నటి రకం కాగితం అయితేనే. లేదంటే మెలితిప్పిన జనపనార పురి లాగొచ్చు, అది ఉక్కుని గీకదు, రంగు పెచ్చుని మాత్రం ఊడదీస్తుంది. సన్నటి గుండ్రటి ఆకురాయి కూడా పనిచేస్తుంది గానీ రెండు రాపిళ్లు ఎక్కువైతే పూత పోతుంది.

బెజ్జం బయటి వైపున్న రంగుని మాత్రం ముట్టుకోనక్కర్లేదు. లైను ఆనేది లోపలి అంచుకే. బయట కూడా ఉక్కు మెరిసేదాకా గీకేవాళ్లు ఉన్నారు, శుభ్రంగా కనిపిస్తుందని. ఉప్పునీళ్లలో అది తుప్పుని పిలిచి పీటేయడమే. తుప్పు పట్టిన బెజ్జం రంగు పెచ్చు కంటే ఎక్కువ గరుకు.

తల గుండా తీగ పోయి, చివర రింగు, ఆ రింగుకి గాలం వేలాడే లోహపు జిగ్గుల్లో ఈ గొడవ చాలావరకు లేదు. అక్కడ లైను కట్టేది రింగుకి, ఆ రింగుకి రంగు ఉండదు. బెజ్జంలో కొంచెం రంగు ఉన్నా ఉక్కు రింగుకి ఏమీ కాదు. చిన్న జిగ్ హెడ్లకూ సన్నటి క్లిప్పు వాడి ఇదే పని చేసుకోవచ్చు. బరువు కాస్త పెరుగుతుంది, రెండు మూడు గ్రాముల జిగ్గు నడకలో ఆ తేడా తెలుస్తుంది, పది గ్రాములదానిలో అంతగా తెలియదు.

అసలు పూడకుండా చేయడం

కొన్న జిగ్గులకి తెరవడం తప్ప దారి లేదు. ఇంట్లో రంగు వేసేవాళ్లకి మాత్రం పనిముట్టు కంటే సమయం ముఖ్యం. పొడి రంగు ముంచి తీశాక, ఓవెన్‌లో పెట్టకముందు ఒక దశ ఉంటుంది. రంగు అంటుకుంది, ఇంకా గట్టిపడలేదు. ఆ దశలో ఉన్న రంగు వేడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. అప్పుడు తీగతోనో స్టవ్వు పిన్నుతోనో ఒక్కసారి లాగితే బెజ్జం శుభ్రం. ఇరవై నిమిషాలు ఓవెన్‌లో ఉండి వచ్చాక అదే పనికి డ్రిల్ బిట్ కావాలి.

అంతకంటే ముందే ఆపడం కూడా వీలే. బెజ్జాన్ని సన్నమూతి పట్టకారుతో పట్టుకునే ముంచితే పట్టకారు దవడలు కప్పిన చోట పొడి చేరదు. వేడి తగలాల్సింది సీసం తలకే, బెజ్జానికి కాదు. సన్నటి కమ్మి ఎంత వేడెక్కితే అంత పొడిని పట్టుకుంటుంది. తలని మెడదాకానే ముంచాలి, డబ్బాలో మునిగిపోయేలా పారేయకూడదు. ఓవెన్‌లో వేలాడదీసేటప్పుడు తీగని బెజ్జంలోంచి కాకుండా గాలం వంపుకి తగిలించాలి. బెజ్జంలోంచి దూరిస్తే రంగు కరిగి తీగనీ బెజ్జాన్నీ కలిపి అతికించేస్తుంది, విడదీసేటప్పుడు పెచ్చులు లేస్తాయి. టెఫ్లాన్ గొట్టం ముక్కనో సిలికాన్ బిరడానో బెజ్జంలో పెట్టి కాల్చేవాళ్లు ఉన్నారు. టెఫ్లాన్ 260 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది కాబట్టి 175 దానికి లెక్క కాదు, పైగా రంగు దానికి అంటదు. నెయిల్ పాలిష్, ఎనామిల్ లాంటి ద్రవ రంగులైతే ఇంత హంగామా అక్కర్లేదు. బెజ్జంలో చుక్క వాజిలిన్ లేదా కొవ్వొత్తి మైనం పెట్టి రంగు వేసి, ఆరాక పుల్లతో తీసేస్తే సరి. వాజిలిన్ తల మీదకి పాకకూడదు, పాకినచోట రంగు పట్టదు.

పొడి డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి మూత గట్టిగా బిగించడం మర్చిపోకూడదు. ఉండలు కనబడితే వాడేముందు సన్నటి జల్లెడ పట్టాలి, వంటింటి జల్లెడ కాదు. అలాగే ఓవెన్. రంగు కాల్చిన ఓవెన్‌లో మళ్లీ తిండి వండకూడదు, పాతదొకటి ఈ పనికే విడిగా పెట్టుకోవాలి. పైన మెరుపు కోసం ఎపాక్సీ పూత వేస్తే బెజ్జం మళ్లీ పూడుతుంది. దాన్ని పూత వేసిన కాసేపటికే, జిగురు పట్టకముందే తీగ లాగి తెరవాలి. ఆరాక తెరుద్దామని వదిలేస్తే చేసిన పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

పొట్టూ సీసమూ

రంగు గీకినప్పుడు రాలేది రంగు పొట్టు ఒక్కటే కాదు. బిట్ జారి తలకి తగిలితే సీసం కూడా రాలుతుంది. సీసం శరీరంలోకి వెళ్తే పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, చిన్న మోతాదు కూడా మంచిది కాదు. కొన్ని పాత రంగుల్లో కూడా సీసం ఉండేది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని దేశంలో 2016లో నియమాలు వచ్చాయి, 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చాయి. అవి గృహ, అలంకరణ రంగులకు చేసిన నియమాలు. ఏ దేశంలో ఏ రంగు వేశారో తెలియని చౌక జిగ్ ప్యాకెట్‌కి ఆ భరోసా ఉందనుకోవడానికి లేదు.

కాబట్టి ఈ పని వంటింట్లో, మంచం మీద, పిల్లలు ఆడుకునేచోట కూర్చుని చేసేది కాదు. కింద పాత పేపరు పరుచుకుని, పొట్టుని ఊదకుండా, తడిగుడ్డతో ఎత్తి పేపరుతో సహా మడిచేయాలి. ఊదితే అది గాలిలో లేచి ఊపిరిలోకే వస్తుంది. చెక్కుకుపోయిన తలలు, విచ్చుకుపోయిన బెజ్జాలు ఉన్న జిగ్గులు ఒక డబ్బాలో వేసుకుంటే మళ్లీ సీసం పోసుకునేటప్పుడు పనికొస్తాయి. కాకపోతే కరిగించే ముందు రంగు పూర్తిగా తీసేసి, ఆరుబయట, గాలి మనవైపు కాకుండా అవతలికి పోయేలా చూసుకుని, తేమ చుక్క కూడా లేకుండా ఆరబెట్టాకే కరిగించాలి. తడి ఉన్న జిగ్గు కరిగిన సీసంలో పడితే నీరు ఒక్కసారిగా ఆవిరై సీసం ముఖం మీదకి చిమ్ముతుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా బీడీగానీ పల్లీగానీ ముట్టుకోవద్దు. చిన్న సీసం గుండ్లని పళ్లతో నొక్కి లైనుకి బిగించే అలవాటు ఉన్నవాళ్లు దానికీ పట్టకారు వాడటమే మేలు.